పర్లాకిమిడి డాబా మీద పూలకుండీలు: ఒక ఏడాది ప్రాజెక్టు డైరీ

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా డాబా మీద దక్షిణపు పిట్టగోడ వెంట ఆరు మట్టికుండీలు, కింద ఉత్తరపు వసారాలో మూడు సిమెంటు కుండీలు ఉన్నాయి. ఒక్కో కుండీలో ఒకే మొక్క కాకుండా ఎత్తు, ఆకు, రంగు చూసుకొని మూడేసి రకాలు కలిపి నాటాను. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉన్నవారు ఇదే పని తలపెడితే పనికివస్తుందని కొలతలు, ఖర్చులు, పోయిన మొక్కల లెక్క అన్నీ రాసి ఉంచుతున్నాను. ఏడాది పనిలో నాకు గట్టిగా తేలినది ఒకటుంది. ఒక కుండీలో ఏ మొక్కలు కలిసి ఉండాలన్నది ముందుగా వాటి దాహాన్ని బట్టి తేల్చుకోవాలి, రంగుల సంగతి ఆ తరవాత చూడవచ్చు.

దశ 1: ఎండ లెక్క (మే చివర, జూన్ మొదట్లో)

కుండీ కొనకముందే చోటు కొలవాలి. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా గంటకొకసారి నీడ అంచును సుద్దముక్కతో గీసి, ఏ చోట ఎన్ని గంటలు నేరుగా ఎండ పడుతోందో పుస్తకంలో రాసుకున్నాను. పిట్టగోడ పక్కన తొమ్మిది గంటలు, ఉత్తరపు వసారా అంచున ఉదయం, సాయంత్రం కలిపి మూడు గంటలు వచ్చింది.

వసారా కొలత ఏడాది పొడవునా పనికిరాదు. మన ఊరు దాదాపు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మధ్య నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, ఆ నెలల్లో ఉదయం, సాయంత్రం ఎండ ఏటవాలుగా ఉత్తరపు వసారాలోకి వస్తుంది. సెప్టెంబరు చివరి వారం నుంచి మార్చి మూడో వారం దాకా అక్కడికి నేరుగా ఎండ రాదు. జూన్‌లో వేసిన లెక్కను నమ్మి వసారాలో పెట్టిన పెంటాస్ మొక్కలు దసరా నాటికి పూత మానేసి, కణుపుల మధ్య దూరం పెరిగి, వెలుతురు వైపు వాలిపోయాయి. కాబట్టి ఎండను జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి కొలవాలి. అంతదాకా ఆగలేనివారు ఉత్తరపు వసారాను పూర్తి నీడగానే లెక్కలో వేసుకోవాలి.

దశ 2: కుండీలు

మట్టికుండీ పై వ్యాసం 35, అడుగు వ్యాసం 25, ఎత్తు 30 సెంటీమీటర్లు. అంచు దాకా నింపితే 21 లీటర్లు పడుతుంది. నీళ్ళు నిలవడానికి పైన మూడు సెంటీమీటర్లు వదిలితే 18.6 లీటర్లు. సిమెంటు కుండీలు కూడా ఇంచుమించు అంతే పట్టేవి తీసుకున్నాను.

కుమ్మరి పెద్దాయన ఒక్కో కుండీని వేళ్ళతో కొట్టి వినిపించి, "మోగేది పట్టుకెళ్ళండి బాబూ, మొద్దుగా పలికేది కాల్పు చాలనిది, రెండు వానలకే పొలుసులు రాలుస్తుంది" అన్నారు. ఆయన వద్దన్న వాటిలో ఒకటి పరీక్షకని తెచ్చాను. ఆగస్టు నాటికి దాని అంచు పొరలు పొరలుగా ఊడింది.

మట్టికుండీకి అడుగున ఒకే ఒక చిన్న రంధ్రం ఉంది, అది చాలదు. మరో మూడు వేయడానికి చేసిన పద్ధతి ఇది:

1. కుండీని రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. పొడి కుండీ పగులుతుంది.
2. తడి ఇసుక మీద బోర్లించి, అడుగు కదలకుండా చూసుకోవాలి.
3. రాతికి వాడే 8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో, సుత్తిపోటు మోడ్ ఆపేసి, నెమ్మదిగా తొలచాలి. పక్కవారు నీళ్ళు చుక్కలుగా పోస్తూ ఉండాలి.
4. లోపల రంధ్రాల మీద దోమతెర జాలీ ముక్క పరిస్తే చాలు.

అడుగున పెంకులు, కంకర వేయడం మన దగ్గర పాత అలవాటు. దీన్ని పరీక్షించడానికి రెండు కుండీల్లో ఒకే మట్టి నింపి, ఒకదానికి మాత్రం అడుగున ఐదు సెంటీమీటర్ల కంకర వేశాను. నీళ్ళు పోసి మర్నాడు తవ్వి చూస్తే కంకర పైనున్న మట్టి బురదలా ఉంది, వేళ్ళకు మిగిలిన లోతు కూడా ఆ మేరకు తగ్గింది. సన్నని మట్టి పూర్తిగా నిండితే తప్ప నీరు కింద ఉన్న పెద్ద ఖాళీల్లోకి దిగదు. గిన్నెలు తోమే స్పాంజిని తడిపి అడ్డంగా పట్టుకుంటే నీరు కారడం ఆగుతుంది, అదే స్పాంజిని నిలువుగా తిప్పితే మళ్ళీ కారుతుంది. అడుగున నిలిచిపోయే తడి పొర మందం మారదు, ఎత్తు పెరిగితే దానికి పైన ఆరే భాగం పెరుగుతుంది. అందుకే లోతు తక్కువ తొట్లలో వేళ్ళు త్వరగా కుళ్ళుతాయి. కంకర తీసేసి కుండీ అంతా ఒకే మిశ్రమంతో నింపాను.

కొత్త సిమెంటు నుంచి సున్నం దిగుతుంది. మూడు కుండీలనూ నీళ్ళతో నింపి రోజూ మారుస్తూ, నీటిలో క్షారం ఎంతో రంగుతో చూపే పీహెచ్ కాగితంతో చూశాను (7 కంటే ఎంత ఎక్కువైతే అంత క్షారం). మొదట 10 దాటిన రంగు 8 దగ్గరికి వచ్చాకే మిశ్రమం నింపాను.

ఖర్చు: మట్టికుండీలు ఆరు 1,320, సిమెంటు కుండీలు మూడు 1,050, బిట్, జాలీ 150.
ఇప్పటికి మొత్తం: 2,520 రూపాయలు.

దశ 3: మిశ్రమం

మొదటి మిశ్రమంలో ఎర్రమట్టి రెండు పాళ్ళు, పశువుల గత్తం ఒక పాలు, ఇసుక ఒక పాలు కలిపాను. నేలలో ఇది చక్కగా పనిచేస్తుంది, కుండీలో నిలవలేదు. మొదటి పెద్దవానకే పైభాగం పలకలా గట్టిపడి, పోసిన లీటరు నీరు దిగడానికి పది నిమిషాలకు పైగా పట్టింది. తడిసిన కుండీ 38 కిలోలు తూగింది. పాత డాబా మీద వరుసగా అంత బరువు పెట్టడం, తుపాను రోజున ఒక్కరే దాన్ని కదపడం రెండూ కుదరని పనులు.

రెండో మిశ్రమం ఈ విధంగా కుదిరింది: కొబ్బరిపొట్టు 70 లీటర్లు (ఐదు కిలోల దిమ్మ ఒకటి నానితే ఇంచుమించు అంత వస్తుంది), కాల్చిన వరి ఊక 35, వర్మీ కంపోస్టు 35, జల్లించిన ఎర్రమట్టి 35. కూడితే 175 లీటర్లు రావాలి, కలిపాక 158 మాత్రమే వచ్చింది, ఎందుకంటే సన్నని రేణువులు పెద్ద వాటి సందుల్లోకి చేరతాయి. తొమ్మిది కుండీలకు కావలసింది 167 కాబట్టి 650 గ్రాముల చిన్న దిమ్మ మరొకటి నానబెట్టి కలిపితే సరిపోయింది. ఎవరు చేసినా లెక్కకు పదోవంతు ఎక్కువ సిద్ధం చేసుకోవడం మంచిది.

ఊకను పూర్తిగా బూడిద కానివ్వకూడదు. నల్లగా మాడిన వెంటనే నీళ్ళు చల్లి ఆర్పితే గింజ ఆకారం చెడదు, ఆ బోలు ఆకారమే మిశ్రమంలో గాలి నిలుపుతుంది. రైసుమిల్లులో ఊక ఊరికే ఇచ్చారు, ఆటో బాడుగ మాత్రం అయింది.

కొబ్బరిపొట్టును కడగకుండా వాడకూడదు. అందులో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ పెన్నుతో చూస్తే మా కుళాయి నీరు 280 చూపింది, పొట్టు పిండిన మొదటి నీరు 1,900 చూపింది. మూడుసార్లు కడిగాక 600కు దిగింది. తరవాత 100 గ్రాముల కాల్షియం నైట్రేట్ కరిగించిన నీటిలో ఒక రాత్రి నానబెట్టి, మళ్ళీ ఒకసారి మంచినీటితో కడిగాను. కాల్షియం చేరితే పొట్టు పట్టుకొని ఉన్న సోడియం, పొటాషియం విడివడి నీటితో పోతాయి. కడగని పొట్టులో పరీక్షకు నాటిన బంతి నారు ఆకుల అంచులు వారంలోపే మాడాయి.

రెండో మిశ్రమంతో తడిసిన మట్టికుండీ బరువు 24.5 కిలోలు.

ఖర్చు: పొట్టు 270, వర్మీ కంపోస్టు 300, ఎర్రమట్టి 80, బాడుగ 100, కాల్షియం నైట్రేట్ 120, పక్కన పెట్టిన మొదటి మిశ్రమం 260, కలిపి 1,130.
ఇప్పటికి మొత్తం: 3,650 రూపాయలు.

దశ 4: పొందిక, దాహం

అమరిక సూత్రం అందరూ పాటించేదే. మధ్యలో ఒక ఎత్తైన మొక్క, దాని చుట్టూ మూడు గుబురు మొక్కలు, అంచున జారే తీగలు రెండు, వెరసి కుండీకి ఆరు. ఎత్తైన మొక్క కుండీ ఎత్తుకు ఒకటి నుంచి ఒకటిన్నర రెట్లు ఉంటే కంటికి నిలకడగా కనిపిస్తుంది, గాలికీ తట్టుకుంటుంది. గోడ పక్కన పెట్టే కుండీలో ఎత్తైన మొక్కను వెనక్కి జరపాలి.

తొలి పొందికలో పొట్టి మెట్టతామర, ముద్దబంతి, గడ్డి గులాబీ కలిసి ఉన్నాయి. ఎరుపు, పసుపు, గులాబీ రంగుల కలయిక ఎంతో బాగుంది. కానీ మెట్టతామర ఆకు వాడకుండా నీళ్ళు పోస్తే గడ్డి గులాబీ కాడలు మొదట్లో మెత్తబడి కుళ్ళాయి. గడ్డి గులాబీకి సరిపడా పోస్తే మెట్టతామర ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. అప్పుడు రంగుల పట్టిక పక్కనపెట్టి తూకం మొదలుపెట్టాను.

1. ఒక్కో రకాన్నీ ఒకే కొలత కుండీల్లో విడివిడిగా నాటాలి.
2. ఉదయం అడుగునుంచి కారేదాకా నీళ్ళు పోసి, కారడం ఆగాక వెయింగ్ మిషను మీద బరువు చూడాలి.
3. మర్నాడు అదే వేళకు, నీళ్ళు పోయకముందు మళ్ళీ తూచాలి.
4. తగ్గిన ప్రతి కిలో ఒక లీటరు. ఆ కుండీ ఒక రోజు దాహం అంతే.

జూన్‌లో వానలు పడకముందు చూస్తే మెట్టతామర కుండీ రోజుకు 2.6 కిలోలు, బంతి 2.2, బొగడబంతి 1.6, కోడిజుట్టు 1.5, బిళ్ళగన్నేరు 1.0, గడ్డి గులాబీ 0.9 కిలోలు తగ్గాయి. ఇందులో కుండీ గోడలగుండా పోయే నీరు కూడా ఉంది. మొక్క లేకుండా మిశ్రమం మాత్రమే నింపిన మట్టికుండీ రోజుకు 0.5 కిలో తగ్గింది, అదే ప్లాస్టిక్ కుండీలో తగ్గుదల అందులో సగం కూడా లేదు. అందువల్ల ఎక్కువ తాగే మొక్కలకు ప్లాస్టిక్, తక్కువ తాగేవాటికి మట్టి అని విడదీసినా తప్పులేదు.

అంకెలు చేతికి వచ్చాక ఆరు కుండీలనూ మూడు జతలు చేశాను. మొదటి జతలో మెట్టతామర, బంతి, అలంకారపు చిలగడదుంప తీగ చేరాయి. రెండో జతలో కోడిజుట్టు, బొగడబంతి, వెర్బెనా. మూడో జతలో ముళ్ళ యుఫోర్బియా, బిళ్ళగన్నేరు, గడ్డి గులాబీ. రంగుల పొందికను ఏ జతకు ఆ జతలోనే చూసుకున్నాను. ముదురు ఊదా బొగడబంతి పక్కన నిప్పురంగు కోడిజుట్టు పెడితే పదడుగుల దూరానికి కూడా రెండూ విడివిడిగా కనిపించాయి. లేత గులాబీ, తెలుపు కలిపిన బిళ్ళగన్నేరు మధ్యాహ్నం ఎండలో వెలవెలబోతుంది, సాయంత్రం అదే అన్నిటికంటే ముందు కంటబడుతుంది. సాయంత్రాలు డాబా మీద కూర్చునేవారు తెలుపు తప్పక వేయాలి. వసారాలో డ్రసీనా, బెగోనియా, మనీప్లాంటు చాలావరకు, ఒక కుండీలో పైన చెప్పిన పెంటాస్.

నాటేటప్పుడు గమనించవలసినది ఒకటి ఉంది. నేను కొన్న మొక్కలు కడియం నుంచి లారీలో వచ్చినవి, సంచిలో వేళ్ళ చుట్టూ జిగటమట్టి గట్టి ముద్దలా ఉంది. ఆ ముద్దను అలాగే తేలిక మిశ్రమంలో దింపితే నీరు చుట్టూ జారిపోతుంది, లోపలి వేళ్ళు పొడిగానే ఉంటాయి. వాడిన ఒక కోడిజుట్టు మొక్కను పీకి చూస్తే చుట్టూ తడి, ముద్ద మధ్యలో దుమ్ము. అప్పటినుంచి ముద్దను బకెట్ నీటిలో బుడగలు ఆగేదాకా ముంచి, పై మట్టిని వేలి మందాన విడదీసి, అప్పుడు నాటుతున్నాను.

ఖర్చు: ఎత్తైనవి తొమ్మిది 540, గుబురువి 27కు 540, తీగలు పది 150 (మిగిలిన ఎనిమిది కొమ్మ కత్తిరింపులు), కలిపి 1,230.
ఇప్పటికి మొత్తం: 4,880 రూపాయలు. నాటిన మొక్కలు 54.

దశ 5: వానలు (జూలై నుంచి సెప్టెంబరు)

బిళ్ళగన్నేరు ఎండకు ఎంత గట్టిదో వరుస వానకు అంత బలహీనం. ఉదయం చూస్తే కొమ్మ మధ్యలో తడిసిన మచ్చలాంటి నల్లని పట్టీ కనిపించింది, సాయంత్రానికి దానిపై భాగమంతా వేలాడింది. మొదలు బాగానే ఉండి కొమ్మ మధ్యలోంచి నల్లబడడం ఫైటాఫ్తొరా తెగులు లక్షణం. ఆకుల మీద నీరు నిలవడం, చినుకులకు మట్టి పైకి చిమ్మడం దానికి దారి. నల్లబడిన కొమ్మను రెండంగుళాలు కిందికి కోసి, కత్తెరను ప్రతి కోతకూ స్పిరిటుతో తుడిచి, మూడో జత కుండీలను మెట్లగది చూరు కిందికి జరిపాను. మట్టి మీద పలుచగా ఊక పరిస్తే చిమ్మడం తగ్గింది. ఈ మార్పుల తరవాత కొత్త మచ్చలు రాలేదు.

కుండీలన్నిటినీ మూడేసి ఇటుక ముక్కల మీద లేపాను. నేలకు ఆనిన కుండీ రంధ్రాలు డాబా నాచుతో మూసుకుపోతాయి. కింది పళ్ళేలు వానాకాలంలో పూర్తిగా తీసేయాలి.

కారుతున్న నీటితో పోషకాలు కూడా పోతాయి. ఆగస్టులో బంతి కింది ఆకులు ముందుగా పాలిపోయాయి, అది నత్రజని లోటు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉన్న 19-19-19 ఎరువును లీటరుకు ఒక గ్రాము చొప్పున, వాన తెరిపి ఇచ్చిన రోజున పదిరోజులకొకసారి పోశాను. మోతాదు పెంచిన ఒక కుండీలో ఆకు విపరీతంగా పెరిగి మొగ్గ తగ్గింది, కాబట్టి గ్రాము దాటవద్దు. బొగడబంతి చిగుళ్ళకు పట్టిన పిండినల్లిని నీటి ధారతో కడిగి, లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లాను.

వాడిన పూలు తుంచే పని మాత్రం నాకు చాలావరకు తప్పింది. మా పెద్దమ్మ రోజూ దేవుడికి పూలు కోస్తారు. ఆవిడ చేయి పడే నాలుగు కుండీలు, ఆవిడకు అందని చివరి రెండింటికంటే ఎక్కువ పూశాయి. విత్తనం కట్టకముందే పువ్వు పోతే మొక్క మళ్ళీ మొగ్గ తొడుగుతుంది.

ఖర్చు: బదులు మొక్కలు 220, ఎరువు 180, వేపనూనె 150, కలిపి 550.
ఇప్పటికి మొత్తం: 5,430 రూపాయలు. 54లో నిలిచినవి 43, మళ్ళీ నాటినవి 11.

దశ 6: తుపాను నెలలు (అక్టోబరు, నవంబరు)

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను పడగొట్టి, మన గజపతి జిల్లా మీదుగా పోయింది. ఈ ప్రాంతంలో డాబా మీద కుండీ పెట్టేవారు గాలిలెక్క కూడా వేసుకోవాలి. పిట్టగోడ మీద కుండీ పెట్టడం ఏ నెలలోనూ తగదు, అది వీధిలో నడిచేవారి తలమీద పడవచ్చు. హెచ్చరిక వచ్చిన రోజున చేసే పని ఇది:

1. మెట్టతామర, కోడిజుట్టు ఎత్తును సగానికి కోయాలి. పెరుగుతాయి, బెంగ అక్కరలేదు.
2. కుండీలను పిట్టగోడ మూలకు చేర్చి, ఒకదానికొకటి ఆనించి, అంచుల చుట్టూ తాడు బిగించాలి.
3. డాబా తూముకు అడ్డం రాకుండా చూడాలి. రాలిన ఆకులు ముందే ఎత్తేయాలి.
4. గాలి తగ్గాక తీగలను మంచినీటితో కడగాలి.

ఈ ఏడాది వచ్చిన వాయుగుండానికి ఒక్క కుండీ కూడా దొర్లలేదు. ఖర్చు లేదు.

దశ 7: చలికాలం (డిసెంబరు నుంచి ఫిబ్రవరి)

రెండో జతలోని ముదిరిన మొక్కలు తీసి పెటూనియా వేశాను. అవి సాగిపోయి పూత ఆలస్యమైంది. కారణం పిట్టగోడ. డిసెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. పిట్టగోడ 90 సెంటీమీటర్లు, కుండీ అంచు 30 సెంటీమీటర్లు, ఆ రెండింటి తేడాకు నీడ 54 సెంటీమీటర్ల దూరం పడుతుంది. గోడకు ఆనించిన 35 సెంటీమీటర్ల కుండీ ఆ నీడలో మునిగిపోతుంది. కుండీలను 60 సెంటీమీటర్లు ముందుకు జరిపాక మొగ్గలు కట్టాయి.

జనవరిలో పెటూనియా లేత ఆకులు పసుపుపచ్చగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా కనిపించాయి. ముదురు ఆకులు ముందుగా పాలిపోతే నత్రజని లోటు, లేత ఆకులు ఈనెల మధ్య పాలిపోతే ఇనుము లోటు. మా బోరునీటి పీహెచ్ 8 చూపింది. వానలు ఆగాక ఆ నీరే పోయడంతో మిశ్రమంలో క్షారం పెరిగి, ఉన్న ఇనుమును కూడా వేరు తీసుకోలేకపోయింది. ఇనుమును వేరుకు అందేలా పట్టి ఉంచే రసాయనంతో కలిపి అమ్ముతారు. బజారులో ఎక్కువగా దొరికే ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే సరిగా నిలవదు. ఈడీడీహెచ్ఏ రకం నిలుస్తుంది, నీటిలో ముదురు ఎరుపుగా కరుగుతుంది. పొట్లం మీద రాసిన మోతాదుకు మించకుండా మట్టిలో పోశాను. కొత్త ఆకులు పచ్చగా వచ్చాయి, పాత ఆకులు తిరిగి పచ్చబడలేదు.

వసారాలో పెంటాస్ తీసి ఆ చోట బెగోనియా వేశాను.

ఖర్చు: పెటూనియా పన్నెండు 240, ఇనుము 110, కలిపి 350.
ఇప్పటికి మొత్తం: 5,780 రూపాయలు.

దశ 8: ఎండలు (మార్చి నుంచి మే)

ఏప్రిల్ మధ్యాహ్నం రెండు గంటలకు వంటింటి థర్మామీటరు సూదిని కుండీ గోడకు ఐదు సెంటీమీటర్ల లోపల గుచ్చితే 43 డిగ్రీలు, నడిమధ్యలో 36 చూపింది. పడమటి వైపు వేళ్ళు గోధుమరంగుకు తిరిగి పీచులా ఉన్నాయి. గోనెసంచిని కుండీ చుట్టూ కట్టి ఉదయం తడిపితే అదే చోట 37కు దిగింది. తడిగోనె వల్ల మట్టికుండీ గోడ నుంచి ఆవిరయ్యే నీరు కూడా తగ్గింది. పైన సగం ఎండను ఆపే గ్రీన్‌నెట్‌ను మొదటి రెండు జతలకే కట్టాను. గడ్డి గులాబీకి నెట్ కడితే పువ్వు పూర్తిగా విచ్చుకోదు, దానికి ఎండ కావలసిందే.

మే నెల దాహం రోజుకు: మొదటి జత కుండీకి 3.2 లీటర్లు, రెండో జత 2.1, మూడో జత 1.0, వసారా కుండీ 0.8. వెరసి రోజుకు 15 లీటర్లు. మొదటి జతకు ఉదయం సగం, సాయంత్రం సగం పోయాలి, ఒకేసారి పోస్తే అందులో చాలాభాగం అడుగునుంచి పోతుంది. పొట్టు ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని పట్టదు, కుండీ అంచువెంట జారుస్తుంది. అలాంటప్పుడు పైనుంచి ఎంత పోసినా దండగ, కుండీని సగందాకా నీళ్ళ తొట్టిలో అరగంట ఉంచాలి.

ఖర్చు: నెట్ 400, గోనెలు ఆరు 120, కలిపి 520.
ఇప్పటికి మొత్తం: 6,300 రూపాయలు.

జూన్‌లో తిరిగి నింపడానికి కుండీలు ఖాళీ చేస్తున్నాను. ఏడాదిలో మిశ్రమం ఐదు సెంటీమీటర్లు కుంగింది, పొట్టు మెత్తబడి గాలి తగ్గింది. పాత మిశ్రమాన్ని జల్లించి రెండు వంతులు ఉంచి, ఒక వంతు కొత్త ఊక, వర్మీ కంపోస్టు కలుపుతాను. నల్లమచ్చ వచ్చిన బిళ్ళగన్నేరు కుండీల మట్టిని మాత్రం ఇందులో కలపను, అది పెరటి అరటి మొదట్లోకి పోతుంది.